పదునారేండ్ల పిమ్మట తిరిగివచ్చిన యోధుడు

కథ ముగిసిన తరువాత కథానాయకుడు ఏమగునను ప్రశ్న మిక్కిలి పాతది. పట్టాభిషేకముతో రామకథ సుఖాంతమైనదని సంతసించి లేచిన శ్రోతలే ఉత్తరకాండము వినుటకు మరల వచ్చి కూర్చుండిరి. కురుక్షేత్రమున గెలిచిన పాండవులు వయసు మళ్లి, చేతిలోని రాజ్యమును విడిచి, హిమాలయము వైపు నడచిపోయిన మహాప్రస్థాన ఘట్టమును విని కన్నులు చెమర్చనివారు అరుదు. యౌవనమున గెలిచిన వీరునికి చప్పట్లు కొట్టుట సులువు. అతడే తల నెరసి, తోడు పోయి, మరల మన యెదుట నిలిచినప్పుడు మన మనస్సు పడు అవస్థ వేరు.

చలనచిత్ర యుగములో ఇట్టి అవస్థను లక్షలాది జనులు ఒక్కమారుగా అనుభవించిన సందర్భమొకటి కలదు. 2006వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన అమెరికాలో "రాకీ బల్బోవా" యను చిత్రము విడుదలయ్యెను. ఫిలడెల్ఫియా నగరపు ముష్టియోధుడొకని కథగా 1976లో మొదలైన వరుసలో అది ఆరవది. అయిదవ చిత్రమునకును దానికిని నడుమ పదునారేండ్ల యెడము. అట్టి చిత్రము తయారగుచున్నదని విన్నప్పుడు నవ్వినవారు చాలమంది. చూచి వెలుపలికి వచ్చునప్పుడు కన్నులు తుడుచుకొన్నవారును చాలమందియే. ఆ నవ్వు కన్నీరుగా మారిన చరిత్రను చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

దూరదేశపు సినిమా కథ మన సంచిక కెట్లు తగునని చదువరులు శంకింపవచ్చును. ఆ కథానాయకుడు అమెరికాలో స్థిరపడిన ఇటలీవారి సంతతివాడు. పూర్వులు పొట్టకూటికై వలసవచ్చిన ఊరే అతని ఊరు. ఊతపదము, ఇంటి ఆచారము మాత్రము పూర్వుల దేశపువి. అతడు తిరుగాడిన పేట మిల్లులను నమ్ముకొని పెరిగి, ఆ మిల్లులు మూతపడగా చితికిపోయిన పేట. షోలాపూరు మగ్గముల చప్పుడు నడుమ పెరిగి, జూనీ మిల్లు మూతపడిన కథను పెద్దల నోట విన్న నాబోంట్లకును, 1982లో మొదలైన ముంబయి మిల్లుల సమ్మెలో జీవనాధారము కోల్పోయిన తెలుగు కుటుంబములకును ఇట్టి పేట క్రొత్తది కాదు. ఉత్తర మద్రాసున సార్పట్ట, ఇడియప్ప నాయకర్ పరంపరల ముష్టియుద్ధములను గూర్చి విన్నవారికి, ఒక యోధుని దెబ్బ ఒక పేట పరువుగా ఎట్లు మారునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కథాప్రారంభమునకు వత్తము. 1975వ సంవత్సరము మార్చి 24వ తేదీన ఓహియో రాష్ట్రమున జగద్విజేత మహమ్మదాలీతో చక్ వెప్నర్ అను సామాన్య యోధుడు తలపడెను. వెప్నరు మూడు రౌండ్లు నిలుచునని కూడ ఎవరును తలంపలేదు. అతడు తొమ్మిదవ రౌండులో ఆలీ నేలకొరుగుట చూచెను; పదునైదవ రౌండు ముగియుటకు ఇంక 19 సెకన్లు మిగిలియుండగా ఓడిపోయెను. ఆ పోటీని చూచినవారిలో సిల్వెస్టర్ స్టలోన్ అను ముప్పది యేండ్లు నిండని నటుడొకడుండెను. అతని తండ్రి ఇటలీ నుండి వలసవచ్చినవాడు. అవకాశములు లేక, చేతిలో పైకము లేక బాధపడుచున్న ఆ నటుడు మూడున్నర దినములలో ఒక కథను వ్రాసి ముగించెను. నిర్మాతలు పెద్ద మొత్తమిచ్చి కథను కొనుటకు సిద్ధపడిరి. నాయకపాత్రను తనకే ఇచ్చినగాని కథ నమ్మనని అతడు పట్టుబట్టెను. తుదకు సుమారు పది లక్షల డాలర్ల స్వల్ప వ్యయముతో, 28 దినములలో, జాన్ ఏవిల్డ్‌సెన్ దర్శకత్వమున చిత్రము పూర్తి యయ్యెను.

ఆ చిత్రము ఒక్క అమెరికాలోనే 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసెను. 1977 మార్చిలో జరిగిన ఆస్కారు సభలో ఉత్తమ చిత్రము, ఉత్తమ దర్శకత్వము, ఉత్తమ కూర్పు అను మూడు బహుమానములు దానికి లభించెను. ఆ యేడు పోటీలో నిలిచినవి సామాన్య చిత్రములు కావు. "టాక్సీ డ్రైవర్", "నెట్‌వర్క్" వంటివి వానిలో నుండెను.

కథ చిన్నది. రాకీ బల్బోవా చిన్న చిన్న పోటీలలో దెబ్బలు తిని, వడ్డీ వ్యాపారి కొరకు బాకీలు వసూలు చేసి పొట్ట పోసికొను యోధుడు. అమెరికా ద్విశతవార్షికోత్సవ సందర్భమున జగద్విజేత అపోలో క్రీడ్ ఒక సామాన్యునికి తనతో పోరాడు అవకాశమిచ్చి ప్రజలను అలరింపదలచును. పేర్ల జాబితాలో "ఇటాలియన్ స్టాలియన్" అను బిరుదు కనబడగనే, అమెరికాను కనుగొన్నవాడు ఇటలీవాడే గదాయని ఆ పేరునే ఎన్నుకొనును. పోటీలో రాకీ ఓడిపోవును. న్యాయనిర్ణేతలలో ఒకరు తప్ప తక్కినవారు అపోలో వైపు మొగ్గుదురు. అయినను రాకీ పదునైదు రౌండ్లును కాళ్లపై నిలుచును. ఫలితము చదువుచుండగా అతడు దానిని వినిపించుకొనడు. గుంపులో తన ప్రియురాలు ఏడ్రియన్ పేరు పెట్టి పిలుచుచుండును. గంట కొట్టువరకు నిలుచుటయే గెలుపని నమ్మిన ఈ ముగింపును పాఠకులు గుర్తుంచుకొనవలయును. ముప్పదియేండ్ల పిమ్మట దీని అవసరము కలుగును.

ఆ చిత్రమునకు ఫిలడెల్ఫియా రంగస్థలము మాత్రమే కాదు, ఒక పాత్ర. 1950 జనాభా లెక్కలలో ఆ నగరమున 20 లక్షల 71 వేల మంది యుండిరి. 1980 నాటికి 17 లక్షలకును తగ్గిరి. 2000 నాటికి 15 లక్షల 17 వేలు. బట్టలు నేయు మిల్లులు, కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడగా కెన్సింగ్టన్ వంటి పేటలు బోసిపోయెను. ఆ వీథులలోనే రాకీ తెల్లవారుజామున పరుగెత్తెను. ఇటలీవారి అంగడివీథిలో అతడు పరుగెత్తుచుండగా, సినిమా తీయుచున్నారని యెరుగని అంగడివాడొకడు అతనికి ఒక నారింజపండు విసరెను. అది అట్లే చిత్రములో నిలిచిపోయెను. కళాప్రదర్శనశాల ముందరి 72 మెట్లను అతడు ఒక్క పరుగున ఎక్కి పైన చేతులెత్తిన దృశ్యమును ఫిలడెల్ఫియావాడే యైన గారెట్ బ్రౌన్, తాను కనిపెట్టిన క్రొత్త కెమెరా సాధనముతో చిత్రించెను. దానికి బిల్ కాంటి కూర్చిన సంగీతము 1977లో అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానమందెను. నాటినుండి ఆ మెట్లకు రాకీ మెట్లని పేరు వచ్చెను.

ప్రజాదరణ గల కథకు తరువాయి భాగములు పుట్టుట సహజము. 1979, 1982, 1985 సంవత్సరములలో మూడు భాగములు వెలువడెను. రెండవ దానిలో రాకీ జగద్విజేత యగును. మూడవ దానిలో అతని గురువు మిక్కీ మరణించును. నాలుగవ దానిలో, ఒకనాటి ప్రతిద్వంద్వియు పిదప ప్రాణమిత్రుడును అయిన అపోలో క్రీడ్ రష్యా యోధుని దెబ్బలకు బరిలోనే కూలును. ఆ నాలుగవ చిత్రము అమెరికాలో సుమారు 12 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసెను. పైకము పెరిగిన కొలదియు పేట దూరమయ్యెనని పలువురు విమర్శకులు వ్రాసిరి. అందు సత్యము లేకపోలేదు.

1990లో అయిదవ చిత్రము వచ్చెను. మొదటి చిత్రపు దర్శకుడే మరల వచ్చెను. స్టలోను కుమారుడు సేజ్ కథలోను కుమారుడుగ నటించెను. కథలో రాకీ తలకు తగిలిన దెబ్బలచే బరికి అనర్హుడై, ధనము పోగొట్టుకొని, పాత పేటకు తిరిగివచ్చును. తాను పెంచిన శిష్యునితో వీథిలో కొట్లాడుటతో కథ ముగియును. అమెరికాలో వసూళ్లు నాలుగు కోట్ల డాలర్లకు కొంచెము మించి ఆగిపోయెను. అభిమానులకు కష్టము కలిగించినది నష్టపు లెక్క కాదు. తమ ఇంటి మనిషి వంటివానిని నడివీథిలో వదలిపెట్టి వచ్చితిమను బాధ వారిని విడువలేదు. స్టలోను కూడ ఆ ముగింపుతో తనకు తృప్తి లేదని పలుమార్లు చెప్పెను.

పదునారేండ్లు గడచెను. మిక్కీ పాత్రధారి బర్జెస్ మెరెడిత్ 1997లో కన్నుమూసెను. స్టలోను చిత్రములకు ఆదరణ తగ్గెను. ఆరవ చిత్రమును తీయుదునని అతడు పోయినచోట్ల నిర్మాణసంస్థలు వెనుకాడెను. అరువది యేండ్లవాడు ముష్టియుద్ధము చేయుటా? పత్రికలలోను, టెలివిజను హాస్యకార్యక్రమములలోను చేతికర్రతో, ఊడిన పండ్లతో బరిలోనికి దిగు రాకీని గూర్చి పరిహాసములు వెలువడెను. ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తాను గనుక ఆ పరిహాసపు రుచి నాకు కొంత తెలియును. అరువదవ యేడు నిండిన మరునాడు మనిషి తెలివి తగ్గదు, చేతివ్రాత చెడదు. ఎదుటివారి చూపు మాత్రము మారును.

వృద్ధుడైన యోధుడు తిరిగివచ్చుట కేవలము కట్టుకథయు కాదు. 1994 నవంబరు 5వ తేదీన జార్జ్ ఫోర్మన్ తన 45వ యేట మైకేల్ మూరర్‌ను పడగొట్టి జగద్విజేత పదవిని మరల గెలిచెను. అంతకు పూర్వము 1970లో మరొక వింత జరిగెను. రాకీ మార్సియానో, మహమ్మదాలీ వేర్వేరు కాలముల విజేతలు. వీరిలో ఎవరు గొప్పయని గణకయంత్రమును అడిగి, వారిరువురిచే నటింపజేసిన పోటీని సినిమాశాలలలో చూపిరి. అది ప్రదర్శింపబడునాటికే మార్సియానో విమానప్రమాదమున మరణించియుండెను. ఈ రెండు సంఘటనల నీడ ఆరవ చిత్రపు కథపై పడినది. అందు ఒక టెలివిజను సంస్థ పాత విజేత రాకీకిని, నాటి విజేత మేసన్ డిక్సన్‌కును గణకయంత్రముపై పోటీ పెట్టగా రాకీ గెలుచును. ఆ యంత్రపు మాటయే ముసలివానిలో ఆరిపోయిన నిప్పును రాజేయును.

కాని చిత్రము బరి కథ మాత్రమే కాదు, శ్మశానపు కథయును. ఏడ్రియన్ క్యాన్సరుతో మరణించినది. ఆమె సమాధిచెంత కూర్చుండుటకు రాకీ ఒక మడతకుర్చీని అక్కడి చెట్టులో దాచియుంచుకొనును. ఆమె పోయిన దినమున బావమరిది పాలీని వెంటబెట్టుకొని, ఆమెతో తిరిగిన చోట్లన్నియు చూచి వచ్చును. ఆమె పనిచేసిన పెంపుడుజంతువుల అంగడి, పాత ఇల్లు, ఒకనాటి రాత్రి ఇరువురు కలిసి గడిపిన మంచుబరి. ఆ మంచుబరి ఉన్నచోట ఇప్పుడు శిథిలములే. పాలీ విసుగుకొనును, తన చెల్లెలితో ఏనాడును మంచిగ మెలగలేదను బాధ అతనిది. రాకీ ఆమె పేరిట ఒక భోజనశాల నడపుచు, వచ్చినవారికి పాత పోటీల కథలు చెప్పును. మొదటి చిత్రపు మొదటి దృశ్యములో అతనితో తలపడిన స్పైడర్ రికో ఇప్పుడు ఆ భోజనశాలలోనే ఉచితముగ భోంచేసి, బదులుగ అంట్లు కడుగును.

రాకీకి కుమారుడు రాబర్ట్ తో పొత్తు కుదరదు. తండ్రి పేరు తన నెత్తిన బరువైనదని, ఎక్కడికి పోయినను తండ్రి నీడయే తనకంటె ముందు వచ్చి కూర్చుండుచున్నదని ఆ యువకుని బాధ. ఇద్దరును రాత్రివేళ వీథిలో నిలిచి వాదులాడుకొందురు. లోకము మెత్తనిది కాదని, ఎంత గట్టిగ కొట్టితిమన్నది కాక, ఎన్ని దెబ్బలు తినియు ముందుకు నడచితిమన్నదే లెక్కకు వచ్చునని తండ్రి చెప్పు ఘట్టము ఈ వరుసలోని చిత్రములన్నింటిలో అభిమానులు ఎక్కువగా కంఠస్థము చేసినది. తండ్రులు కుమారులకు దానిని చూపిరి. కుమారులు తండ్రులకు చూపిరి.

ముష్టియుద్ధపు అనుమతి నిచ్చు అధికారులు, వైద్యపరీక్షలలో రాకీ నెగ్గినను, వయసు కారణముగ మొదట అనుమతి నిరాకరింతురు. అతడు వారి యెదుట వాదించును. శిక్షణఘట్టములో పాత శిక్షకుడు డ్యూక్, కీళ్ల నొప్పులతో వేగము పోయినదని, మిగిలినది బలము ఒక్కటేనని, దానినే నమ్ముకొందమని నిర్మొగమాటముగ చెప్పును. ముదిమిని దాచిపెట్టక లెక్కగట్టి చూపిన ఈ నిజాయితీయే నవ్వబోయినవారి నోళ్లు మూయించెను.

పోటీ చిత్రణలో ఒక విశేషము కలదు. 2005 డిసెంబరు 3వ తేదీన లాస్ వేగాస్ లోని మాండలే బే యందు జెర్మెయిన్ టేలర్‌కును ఫిలడెల్ఫియా యోధుడు బెర్నార్డ్ హాప్కిన్స్‌కును నిజమైన పోటీ జరిగెను. ఆ పోటీకి వచ్చిన జనమునే ప్రేక్షకులుగ నుంచి రాకీ బరిలోనికి వచ్చు దృశ్యమును చిత్రించిరి. డిక్సన్ వేషము ధరించిన ఆంటోనియో టార్వర్ కూడ నిజముగ జగద్విజేత పదవి నందిన యోధుడే. నిజమైన యోధులను చూడవచ్చిన ఆ జనము కల్పితుడైన యోధుని కంటబడగనే పేరెత్తి కేకలు వేసిరి. ఆ విధముగ అభిమానుల స్పందన చిత్రము విడుదలగుటకు ఒక యేడు ముందే చిత్రములో భాగమయ్యెను.

రాకీ గెలిచినట్లును, ఓడినట్లును రెండు ముగింపులు చిత్రించిరి. విడుదలయినది ఓడిన ముగింపు. 1976లో వలెనే న్యాయనిర్ణేతలు ఏకాభిప్రాయము లేకయే ఎదుటివాడు గెలిచెననిరి. 1976లో వలెనే అతడు ఫలితమునకై ఆగక, జనమునకు చేయెత్తి, బరినుండి దిగిపోయెను. తరువాత ఏడ్రియన్ సమాధిపై పూవులుంచి, చేయూపి, వెడలిపోవును. 1990 నాటి అభిమానులు నడివీథిలో విడిచిన మనిషి ఇప్పుడు గౌరవముతో తన దారిన తాను నడచిపోయెను. పదునారేండ్ల బాకీ తీరెను.

సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల వ్యయముతో తీసిన ఆ చిత్రము అమెరికాలో 7 కోట్లు, లోకమంతట 15 కోట్లకు పైగా డాలర్లు వసూలు చేసెను. విమర్శకులలో పెక్కుమంది మెచ్చుకొనిరి. అదే 2006లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయపు జాతీయ చలనచిత్ర పట్టికలో మొదటి "రాకీ" భద్రపరచబడెను.

అంకెలకంటె ఎక్కువ చెప్పునది చిత్రాంతమున పేర్లు పడునప్పుడు చూపిన దృశ్యము. పిల్లలు, ముసలివారు, స్త్రీలు, పురుషులు, ఎందరో సామాన్యులు ఆ 72 మెట్లెక్కి పైన చేతులెత్తుదురు. శాలలో లేచి నిలిచినవారు తెరపై తమవంటివారినే చూచిరి. ఫిలడెల్ఫియా దినపత్రిక విలేకరి మైకేల్ విటెజ్, ఛాయాచిత్రకారుడు టామ్ గ్రాలిష్ ఒక సంవత్సరకాలము ఆ మెట్లచెంతకు పోయి, పరుగెత్తివచ్చినవారిని పలుకరించి, వారి కథలను 2006లోనే పుస్తకముగ వెలువరించిరి. ప్రతివాడును ఏదో ఒక సొంత కార్యము పెట్టుకొని అచ్చటికి వచ్చినట్లు ఆ పుస్తకమువలన తెలియును. వారు రాకీని అనుకరించుట లేదు. అతని మెట్లను అరువు తెచ్చుకొని తమ కథను తామే ముగించుకొనుచున్నారు.

ఈ అభిమానము ఇతర దేశములకును ప్రాకెను. సెర్బియా దేశమున జితిష్తె యను గ్రామము వరదలతో, కొండచరియలతో చెడ్డపేరు తెచ్చుకొనగా, ఆ గ్రామస్థులు 2007లో రాకీ విగ్రహమును నిలిపి, దెబ్బతినియు లేచినవాడే తమకు గురుతని చాటిరి.

అయినను ఈ చరిత్రలో ఒక చేదు కూడ కలదు. దానిని విడిచిన చరిత్ర సగము చరిత్రయే. 1982 నాటి చిత్రమునకై థామస్ షోంబర్గ్ పోతపోసిన రాకీ కంచు విగ్రహమును మెట్లపై నుంచవలెనా కూడదాయని నగరమున చిరకాలము వివాదము జరిగెను. కళయని కొందరు, సినిమా సామగ్రియని కొందరు వాదించిరి. క్రీడాశాలకు తరలింపబడిన ఆ విగ్రహమును ఆరవ చిత్రము రానున్న 2006 సెప్టెంబరులో తిరిగి తెచ్చి మెట్ల పాదమున నిలిపిరి. అదే నగరమున జో ఫ్రేజియర్ అను నిజమైన జగద్విజేత నివసించుచుండెను. అతడు దక్షిణ కరొలైనా పొలములనుండి వలసవచ్చిన నల్లజాతివాడు. ఫిలడెల్ఫియా కసాయిశాలలో పనిచేసినవాడు. 1971 మార్చి 8వ తేదీన మహమ్మదాలీని ఓడించినవాడు. పచ్చిమాంసపు తునకలను గుద్దుట, ఆ మెట్లెక్కి పరుగెత్తుట మొదట తనవేయని అతడు చెప్పుచుండెను. మొదటి చిత్రములో ఒక్క క్షణము కనబడియు పోయెను. అతని వ్యాయామశాల 2008లో మూతపడెను. 2011లో అతడు మరణించెను. అతని విగ్రహము 2015లో గాని నిలువలేదు. కల్పితుడైన యోధునికి ముందు, నిజమైన యోధునికి తరువాత! ఒక పేట ఒకనిని తన వానిగ ఎన్నుకొనునప్పుడు ప్రక్కపేటవానిని మరచుట కద్దు. అల్పసంఖ్యాకులుగ బ్రదుకు మనము ఈ సంగతి గమనింపదగును.

ఆ మరపునకు జవాబు వంటి చిత్రము అదే 2015లో వచ్చెను. నల్లజాతికి చెందిన యువదర్శకుడు రయన్ కూగ్లర్ అపోలో క్రీడ్ కుమారుని కథగా "క్రీడ్" తీసెను. అందు రాకీ శిక్షకుడు, వ్యాధిగ్రస్తుడు. కూగ్లరు ఈ కథను తలపెట్టుటకు కారణము తన తండ్రియని చెప్పియున్నాడు. ఆ తండ్రి, తన తల్లి క్యాన్సరుతో మంచమున నుండగా ఆమెతో కూర్చుండి "రాకీ" రెండవ భాగమును చూచెడివాడు. తరువాత కుమారుడు ఆటలపోటీలకు పోవుటకు ముందు అదే చిత్రమును అతనికి చూపెడివాడు. ఆ తండ్రియే జబ్బుపడగా కుమారుడు ఈ కథను అల్లెను. నాయనమ్మ, తండ్రి, కుమారుడు: మూడు తరముల నడుమ ఒక చిత్రము వారసత్వపు ఆస్తివలె చేతులు మారెను. చిత్రాంతమున రోగముతో నీరసించిన రాకీ ఆ యువకుని ఊతతో ఆ మెట్లనే మెల్లమెల్లగ ఎక్కును. 2016 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ బహుమానము అందుకొనుటకు స్టలోను వేదికనెక్కినప్పుడు సభికులందరు లేచి నిలిచిరి.

నా యింటి అనుభవమొకటి ఇచట చెప్పుట అసందర్భము కాదనుకొందును. 1980 దశకములో మా పేటలో వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చి మొదటి "రాకీ"ని పదిమంది కూడి చూచితిమి. మగ్గముపై బ్రదుకు గడిపిన మా తండ్రిగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తుదివరకు కదలక చూచి, "ఓడిండు గని పడలేదు గదరా!" అని ఒక్క మాట అనిరి. ఆరవ భాగమును చూచునాటికి వారు లేరు. నా ప్రక్కన మరాఠీ బడిలో చదివిన నా కుమారుడు కూర్చుండెను. ముగింపున వాడు, "తాత ఉంటే మంచిగుండు గద బాపూ," అనెను. తాత మాటను వాడు నావలననే వినియుండెను. రాకీ సమాధిచెంత చేయూపినప్పుడు మాకు వచ్చిన కన్నీరు ఏడ్రియన్ కొరకు మాత్రమే కాదు.

ఆలోచింపగా, ఆరవ చిత్రమును చూచి లోకమున పెక్కుమంది కంటతడి పెట్టుటకు కారణము ఇట్టిదే యని తోచును. మొదటి చిత్రమును ఎవరి ప్రక్కన కూర్చుండి చూచితిమో వారిలో కొందరు ఇప్పుడు లేరు. తెరపై ముసలివాడైన యోధుడు పాత వీథులు తిరుగుచున్నప్పుడు, చూచువాడు తన పాత వీథులు తిరుగును. ఏడ్రియన్ లేని కుర్చీలో తనవారెవరో లేని కుర్చీ కనబడును. యోధుడు ఓడియు నిలిచినందున, చూచువానికి తన జీవితపు ఓటములును అంత అవమానకరముగ తోపవు. కథ ఎంత బాగున్నను, మొదటి భాగములను ఎవరితోను కలిసి చూడనివానికి ఈ చివరి భాగము సామాన్య క్రీడాచిత్రమే.

మన భాషకును ఈ న్యాయమే వర్తించును. షోలాపూరున, బరంపురమున, హోసూరున, బళ్లారిలో, యానామున మన పిల్లలు బడిలో వేరు భాష చదువవచ్చును. కొన్నిచోట్ల తెలుగు అక్షరములే వారికి రాకపోవచ్చును. పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పిన మాట మాత్రము వారు మరువరు. తండ్రి నీడ బరువని రాకీ కుమారుడు వలె వారును ఒకప్పుడు విసుగుకొందురు. విసుగుకొన్నను, బరిచెంతకు వచ్చి తండ్రి వెనుక నిలిచినవాడు ఆ కుమారుడే. కావున ఈ సంచిక చదువు పెద్దలు పాత కథలు చెప్పుటకు సంకోచింపకుందురు గాక. భోజనశాలలో ప్రతి రాత్రి అవే కథలు చెప్పిన రాకీని చూచి నవ్వినవారు కలరు. వినుటకు మరల మరల వచ్చినవారును కలరు. ఆ వచ్చినవారివలననే ముప్పదియేండ్ల కథ నిలిచినది. మన కథయు అట్లే నిలుచును.